ఎదురు రాని మనిషి

"లోపలే ఉండు. ఇంకా ముగ్గురున్నారు" అన్నారు మా ఆయన బాంగ్, నావైపు తల తిప్పకుండానే.

పిండిన బట్టల బకెట్టు పట్టుకుని వంటింటి తలుపు వెనక ఆగిపోయాను. దండెం మా గోడ నుంచి ఎదురింటి గోడకి సందుకు అడ్డంగా కట్టి ఉంటుంది. మా గదుల్లో దిగిన వీపు సంచుల వాళ్లందరూ మోటారు బళ్లెక్కి సందు దాటేదాకా నేను బయటకు వెళ్లకూడదు. వెళ్లకపోతే బట్టలు ఆరవు. ఆరకపోతే మధ్యాహ్నం ఆయనే అరుస్తారు. బకెట్టు కింద పెడితే వంగి మళ్లీ ఎత్తాలి, అరవయ్యేడేళ్ల నడుము ఒప్పుకోదు. అందుకని పట్టుకునే నిలబడ్డాను. బట్టల్లోంచి నీళ్లు కారి నా పాదాల మీద పడుతున్నాయి. ఆ నీళ్లలో ఇసుక ఉంది. ఈ పిల్లలు సముద్రపు ఒడ్డు ఊళ్లన్నీ తిరిగి మా దోంగ్ వాన్ కొండల మీదికొస్తారు. జేబుల మూలల్లో, మడతల్లో ఎక్కడెక్కడి ఇసుకో ఉంటుంది. మూడు నీళ్లు జాడించినా నాలుగో నీళ్లలో మళ్లీ కనిపిస్తుంది. నేను పుట్టింది ఉప్పు పండించే ఊళ్లో, సముద్రం పక్కనే. పెళ్లై ఈ రాళ్లలోకి వచ్చాక నలభై నాలుగేళ్లుగా, అమ్మ పోయినప్పుడు ఒక్కసారి తప్ప, నేను చూసిన సముద్రం ఈ బకెట్టు అడుగున మిగిలేదే.

ప్రయాణానికి గడప దాటినవాళ్లకి మొదట ఆడది ఎదురైతే ఆ ప్రయాణం చెడిపోతుందని మావాళ్ల నమ్మకం. మగవాడు ఎదురైతే మంచిది. మా ఆయన ముప్ఫై ఏళ్లు లారీ తోలారు. లారీ తోలేవాళ్లకి ఈ పట్టింపులు ఇంకా ఎక్కువ. పళ్లెంలో చేపని తిరగేయకూడదు, లారీ తిరగబడుతుంది. పైవైపు తిన్నాక కిందివైపు ముక్కని ముల్లు కిందనుంచే లాగాలి. ఇప్పుడు లారీ లేదు. ఆరు గదులున్నాయి, అద్దెకిచ్చే పద్నాలుగు బళ్లున్నాయి. బండి తీసుకున్న ప్రతివాడూ ఆయన లెక్కలో లారీ తోలేవాడే. కాబట్టి నేను తెల్లారకముందే లేచి గంజి కాచి, గుడ్లు వేయించి, వాళ్ల బట్టలుతికి, వాళ్లు వెళ్లే వేళకి తలుపు వెనక ఉంటాను. ఎవరూ నన్ను తోసి తలుపు వేయలేదు. "లోపలే ఉండు" అంటారంతే. వానొస్తోంది లోపలే ఉండు అన్నట్టు.

వెళ్లేవాళ్లని నేను చెవులతోనే ఎరుగుదును. సంచిని బండి వెనక తాళ్లతో కట్టేటప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుడు, హెల్మెట్ పట్టీ టిక్కుమనడం, బండి రెండోసారికి అందుకోవడం, సందు మలుపులో చప్పుడు గోడలకి తగిలి రెండింతలవడం, తర్వాత ఒక్కసారిగా ఏమీ లేకపోవడం. ఆ ఏమీ లేకపోవడం వినిపించాక నేను బయటకొచ్చి దండెం తుడుస్తాను.

ఎదురు రావడానికి మా ఆయన ఒక మనిషిని పెట్టుకున్నారు. పక్క వీధి లాక్. ఒకప్పుడు తపాలా ఆఫీసులో చేసేవాడు. చెయ్యి మంచిదట, నడక మంచిదట. రోజూ పొద్దున ఏమీ ఎరగనట్టు టీ గ్లాసు పట్టుకుని సందులోకి నడిచొస్తాడు. దానికి ఒక సిగరెట్టు. మొక్కజొన్న సారా వాసన గుప్పున కొడుతున్నా సరే, ఆయన మంచి శకునమే. ఒకసారి సంతలో లాక్ భార్య మియెన్ నా చెవిలో అంది: "మా ఆయన ఎదురొస్తే మంచిదటగా ఖుయెనక్కా. నాకు ముప్ఫై ఐదేళ్లుగా పొద్దున లేస్తే ఎదురొచ్చేది ఆయనే. నాకు జరిగిన మంచేదో నువ్వైనా చెప్పు." ఇద్దరం ఆవకూర కట్టల మీదికి వంగి నవ్వాం. తర్వాత ఆవిడ మోచేతి మీద కమిలిన మచ్చ చూసి నవ్వాపాను. ఆవిడ ఇంకా కొంచెంసేపు నవ్వింది.

నేను బకెట్టుతో నిలబడ్డ ఆ రోజు మధ్యాహ్నమే మా మనవరాలు సెన్ నన్ను ఒక మాట అడిగింది. కొడుకూ కోడలూ కొండల కింద పల్లపు ప్రాంతంలో బట్టల ఫ్యాక్టరీలో చేస్తారు. సెన్‌ని రెండేళ్ల వయసు నుంచీ పెంచింది నేను. నర్సు చదువు అయింది. ఉద్యోగంలో చేరేలోపు రెండు నెలలుంది. ఇన్నాళ్లూ వీపు సంచుల వాళ్ల బళ్లకి గాలి కొట్టి, దారి చెప్పి, పటాల మీద గీతలు గీసిచ్చిన పిల్ల. ఇప్పుడు తనే ఒక్కతే బండి మీద ఈ కొండల నుంచి దిగి, సముద్రం వెంబడే దక్షిణం చివరిదాకా పోయొస్తానంది. వాళ్ల తాత నాలుగు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. ఐదో రోజు బ్రేకులు మార్చి, కొత్త గొలుసు వేశారు. అది ఆయన ఒప్పుకోవడం.

వెదురు మొలకల మీద పొరలు ఒలుస్తుంటే వచ్చి ఎదురుగా కూచుంది.

"నానమ్మా, రేపు నేను వెళ్లేటప్పుడు నువ్వు తలుపు వెనక ఉండకూడదు."

"మరెక్కడుంటాను?"

"సందు చివర. నాకు మొదట ఎదురు రావాల్సింది నువ్వే."

"నీకేమైనా పిచ్చా? మీ తాత లాక్‌కి చెప్పేశారు."

"ఆ సారా మొహం చూసి సముద్రందాకా పోవాలా నేను? నన్ను పెంచింది ఆయనా?"

"మాటలకేంలే. దారిలో ఏమన్నా అయితే?"

"అయితే అయిందే. నువ్వొచ్చినా రాకపోయినా మలుపులు మలుపుల్లాగే ఉంటాయి" అని ఒలిచిన మొలక ఒకటి నోట్లో వేసుకుని, చేదుకి మొహం చిట్లించి, లేచి వెళ్లిపోయింది. అది మాట అడిగి వెళ్లిపోతుంది. తర్వాత దాన్ని మోసేది నేను.

భయపడటం నాకు చేతనైన పని. కొందరికి కుట్లు అల్లికలు వచ్చినట్టు నాకది వచ్చు. ఎవరైనా పది నిమిషాలు ఆలస్యమైతే వాళ్ల చెప్పులు రోడ్డు పక్కన పడి ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే ఈ ఎదురు రావడం మీద నాకు నమ్మకం ఉందా లేదా అని నన్ను నేనెప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. నేనెలాగూ లోపలే ఉండేదాన్ని.

నాకు పదిహేనేళ్లప్పుడు మా అన్నయ్య తోవాన్ యుద్ధానికి వెళ్లాడు. అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్లి, తనూ నా పక్కనే నిలబడి, గడ్డి తడక మూసింది. సందులో మా పెదనాన్నని నిలబెట్టారు. ఊరందరిలో ఆయన నడకే మంచిదని. "అమ్మా, వెళ్లొస్తా" అని అన్నయ్య బయటనుంచి కేకేశాడు. అమ్మ పలకలేదు. ఆడగొంతు కూడా వినపడకూడదట. అమ్మ వేళ్లు నా మణికట్టు మీద ఎంత బిగుసుకున్నాయంటే సాయంత్రందాకా నాలుగు గీతలున్నాయి. అన్నయ్య రాలేదు. ఒక కాగితం వచ్చింది. ఎముకలు కూడా రాలేదు. పెదనాన్న ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికాడు, పెళ్లిళ్లకీ పడవ ప్రయాణాలకీ ఆయన్నే ఎదురు రమ్మని పిలిచేవాళ్లు. నువ్వు ఎదురొచ్చిన పిల్లాడు ఏమయ్యాడని ఆయన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగొచ్చని కూడా తోచలేదు.

నన్ను మాత్రం అడిగారు. సెన్ వాళ్ల నాన్నకి పన్నెండేళ్లప్పుడు, చలికాలం, మా ఆయన స్వెట్టరు మర్చిపోయి బయల్దేరారు. కనుమ మీద మంచు పడుతోందని రేడియోలో విన్నాను. స్వెట్టరు పట్టుకుని సందులోకి పరిగెత్తాను. ఆయన తీసుకున్నారు, తొడుక్కున్నారు, వెళ్లిపోయారు. ఆ సాయంత్రం నాలుగో మలుపులో లారీ జారింది. కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతారు. ఆస్పత్రి మంచం దగ్గర అత్తగారు నన్ను చూసి, "నీ మొహం చూపించకపోతే ఉండలేకపోయావా?" అన్నారు. ఆయన కళ్లు మూసుకుని పడుకున్నారు. నిద్రపోవడం లేదని ఊపిరిని బట్టి నాకు తెలుసు. ఆ రోజు ఆ కళ్లు తెరిచి, మంచు వల్ల జారిందమ్మా అని ఉంటే, నా తర్వాతి ముప్ఫై ఏళ్లు ఎలా ఉండేవో. డాక్టరు చెప్పాడు, స్వెట్టరు లేకపోతే తెల్లారేసరికి చలికే పోయేవాడని. ఆ మాట ఇంట్లో ఎవరూ మళ్లీ ఎత్తలేదు. వంట చేస్తూ, అంట్లు తోముతూ, వాన వచ్చిన ప్రతిసారీ ఆయన కాలికి కాపడం పెడుతూ, అత్తగారు పోయేదాకా "ఆ ఎదురొచ్చినది" అనిపించుకున్నాను. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత ఏమీ రాలేదు. పేరు పెట్టి పిలిస్తే పలికినట్టు దానికీ పలికేదాన్ని.

మర్నాడు పొద్దున అందరికీ గంజి పోశాను. సెన్ గిన్నెలో రెండు గుడ్లు వేశాను. అది నావైపు చూసింది, నేను గరిటెవైపు చూశాను. మా ఆయన బండి దగ్గర నిలబడి సంచి తాడు లాగి చూస్తున్నారు. "ఇంక లోపలే ఉండు" అన్నారు. సరే అన్నాను. లోపలికి వెళ్లాను. లోపల్నుంచి పెరట్లోకి, పెరట్లోంచి పందుల దొడ్డి పక్కగా, రాతి గోడ మీద చెయ్యి ఆనించుకుంటూ, చుట్టూ తిరిగి సందు చివరికి వచ్చాను. ఎందుకొచ్చావని అప్పుడు ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని. కాళ్లు ఎవరివో నడుస్తున్నట్టు నడిచాయి. లాక్ అప్పుడే టీ గ్లాసుతో వస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"వదినగారూ, ఇది నా చోటు కదా?"

"ఇవాళ సెలవు తీసుకోండి."

"మరి సిగరెట్టో?"

"అది రేపు రెండు తీసుకోండి" అని ఆయన్ని దాటి ముందుకెళ్లాను.

బండి మలుపు తిరిగి వచ్చింది. ఆ స్వెట్టరు రోజు తర్వాత వెళ్లేవాళ్ల మొహం నేను చూడటం అదే మొదటిసారి. ఇన్నేళ్లు తలుపు వెనక నిలబడి, ఆ మొహంలో నేను చూడలేకపోతున్నది ఏదో చాలా పెద్దది ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే సెన్ అద్దం సర్దుకుంటోంది. పెదవి కొరుక్కుంటూ, ముందు చక్రంవైపు చూసుకుంటూ, సంచి ఒకవైపుకి ఒరిగిందేమోనని వెనక్కి తడుముకుంటూ వస్తోంది. అంతే. పనిలో ఉన్న మొహం. నన్ను చూసి బండి ఆపి, హెల్మెట్ అలాగే ఉంచుకుని నుదురు నా భుజానికి కొట్టింది. గట్టిగానే తగిలింది. "వచ్చావుగా" అంది. "పో" అన్నాను. పోయింది. అన్నయ్య కూడా అంతేనేమో, భుజాన సంచి పట్టీ సర్దుకుంటూ, చెప్పు ఊడకుండా చూసుకుంటూ వెళ్లాడేమో. ఆ సర్దుకోవడం చూసి ఉంటే చాలు, ఈ యాభై ఏళ్లూ నాకు గుర్తు పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

మా ఆయన బండి వెనకే మలుపుదాకా వచ్చి అంతా చూశారు. ఇంటికెళ్లి పాత పేపరు తెచ్చి, నేను నిలబడ్డ చోట నేల మీద పెట్టి నిప్పంటించారు. ఆడదాని దృష్టి తగిలిన చోట అలా కాలుస్తారు. కాగితం కాలేలోపు పైకి కనిపిస్తున్న వార్త సగం చదివాను. ఎక్కడో వంతెన కడుతున్నారట. మిగతా సగం నల్లబడిపోయింది.

తర్వాత పది రోజులు మామూలుగానే గడిచాయి. రోజూ సాయంత్రం సెన్ ఫోను చేసేది. ఒక రోజు సున్నపు కొండల మధ్య నది, ఒక రోజు పాత రాజుల ఊరు, ఒక రోజు సముద్రం మీద మబ్బుల్లోంచి దిగే కనుమ. ఫోను మోగిన ప్రతిసారీ మా ఆయన నావైపు చూసేవారు. అది మామూలుగా మాట్లాడి పెట్టేశాక మళ్లీ నావైపు చూసేవారు, ఇంకా టైముందిలే అన్నట్టు. నేను తలుపు వెనక నిలబడటం మానలేదు. ఒక్క రోజు బయటకొచ్చినంత మాత్రాన అలవాటు పోదు. లాక్ వచ్చేవాడు, సిగరెట్టు తీసుకునేవాడు.

పదకొండో రోజు ఫోను మధ్యాహ్నం మోగింది. అన్నాల వేళ. బల్ల చుట్టూ హనోయి నుంచి వచ్చిన నలుగురు పిల్లలూ, ఇద్దరు విదేశీయులూ ఉన్నారు. ఫోను అందరికీ వినపడేలా పెట్టారాయన. ఆయన చెవులు సరిగా వినపడవు.

"తాతయ్యా, కంగారుపడకు. క్వీ న్యోన్ ఊరి దగ్గర పడ్డాను. గాలికి రోడ్డు మీదికి ఇసుక వచ్చింది, బండి జారింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు వేశారు. మోకాలికి ఆరు కుట్లు. అంతే."

ఆయన లేచి నిలబడ్డారు. "చెప్పానా లేదా! మొదటి రోజే చెప్పానా లేదా! మీ నానమ్మ మొహం చూసి బయల్దేరావు, ఇంకేమవుతుంది?"

"అది పదకొండు రోజుల కిందటి మాట తాతయ్యా. ఆ తర్వాత పది ఊళ్లలో పదిసార్లు బయల్దేరాను. ఇవాళ పొద్దున లాడ్జి గుమ్మంలో ఎదురొచ్చింది మగాయనే. మీసాలు కూడా ఉన్నాయి."

హనోయి పిల్లల్లో ఒకడు కిసుక్కుమన్నాడు.

"మీసాల సంగతి కాదే!"

"మరి దేని సంగతి?"

"మొదటి అడుగుదే లెక్క. సరే, ఇంక తిరిగింది చాలు. బండి అక్కడెవరికైనా ఇచ్చేసి బస్సెక్కి వచ్చెయ్."

"రాను. ఇక్కడే ఉంటాను. కట్టు తీశాక ముందుకే వెళ్తాను."

"ఒంటి చేత్తో ఎవరు చూస్తారు నిన్ను? మీ అమ్మకి ఫ్యాక్టరీలో సెలవిస్తారా? రమ్మంటే రా!"

అటునుంచి సన్నగా, "జడ వేసుకోవడమే రావట్లేదు తాతయ్యా, మిగతావన్నీ వస్తున్నాయి" అంది. దాని గొంతు అక్కడ కొంచెం జారింది.

ఆయన ఫోను పెట్టేసి నావైపు తిరిగారు. బల్ల దగ్గర అందరూ గిన్నెలు పట్టుకుని ఆగిపోయారు. "చెప్పు. వీళ్లందరి ముందూ చెప్పు. ఆ రోజు ఎదురొచ్చిందెవరు?"

ఈ ప్రశ్న కోసం నేను పదకొండు రోజులుగా కాచుకుని ఉన్నాను. నిజానికి అంతకన్నా చాలా ఎక్కువ రోజులుగా. అది వచ్చినప్పుడు నేలలోకి కుంగిపోతాననుకున్నాను. కుంగిపోలేదు. చేతిలో అన్నం గరిటె ఉంది. విదేశీ అమ్మాయి గిన్నె ఖాళీగా ఉంటే అన్నం పెట్టాను. తర్వాత చెప్పాను.

"నేనే. తెలిసే నిలబడ్డాను. ఇసుక వల్ల జారిందని అది చెబుతోంది, మీరు విన్నారు. అప్పుడు మీ లారీ మంచు వల్ల జారిందని మీకూ తెలుసు."

ఆయన మెల్లిగా కూర్చుని చాప్‌స్టిక్స్ తీసుకున్నారు. పళ్లెంలో చేప పైవైపు అయిపోయింది. కిందివైపు ముక్క కోసం ముల్లు కింద వెతుకుతూ చాలాసేపు ఉండిపోయారు.

మధ్యాహ్నం అంట్లు కడిగాక స్టోరు గదిలోకి వెళ్లాను. వీపు సంచుల వాళ్లు వదిలేసి పోయిన సంచులు అక్కడ ఒక గుట్ట ఉన్నాయి. జిప్పు పనిచేసేది ఒకటి దొరికింది. రెండు జతల బట్టలు, మోకాలి తైలం, వెడల్పు పళ్ల దువ్వెన, నేను సగం చదివి ఆపిన పుస్తకం పెట్టాను. ఖాళీ ఇంకా చాలా మిగిలింది. ఆ ఖాళీలో ఏం పెట్టాలో తెలియక అలాగే మూశాను. మియెన్ ఇంటికి వెళ్లి అడిగాను, నేను లేనన్నాళ్లు వంట చేస్తావా అని.

"ఎన్నాళ్లు?"

"కట్టు తీసేదాకా. తర్వాత దానికి ఇష్టమైనంత దూరం."

"అక్కడ కూడా చాకిరీకేగా పోతున్నావు ఖుయెనక్కా."

"చాకిరీకే. కానీ రమ్మని ఎవరూ అనలేదు. నేనే పోతున్నాను."

ఆవిడ "సరే చేస్తాను. కానీ పందుల దొడ్డి పక్కనుంచి రాను. పొద్దున్నే సందులోంచే వస్తాను. మీ ఆయనకి చెప్పు" అంది.

చెప్పాను. ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. "ఎప్పుడు వెళ్తావు?"

"రేపు పొద్దున బస్సుకి."

"రేపు చాంద్రమానం ఏడో రోజు. ఏడున బయల్దేరకూడదు."

"రేపే వెళ్తాను."

"వచ్చినవాళ్లకి అన్నం ఎవరు పెడతారు" అన్నారు. అదే మాట మా అమ్మ పోయినప్పుడూ అన్నారు. అప్పుడు నేను ఊరు చేరేసరికి అమ్మ పోయి ఏడు రోజులైంది. "మియెన్ పెడుతుందని చెప్పానుగా" అన్నాను. నాకు కోపం వస్తే బాగుండేది. చాలాకాలంగా వాడని గదిలో దీపం వేస్తే వెలగనట్టు, ఎక్కడ వెతికినా కోపం దొరకలేదు. బస్సు టైము మాత్రం గుర్తుంది, ఆరున్నర.

పొద్దున గంజి కాచి మూతపెట్టాను. సంచి భుజాలకి తగిలించుకుంటే అనుకున్నంత బరువు లేదు. పట్టీలు ఎవరో పొడుగాటి మనిషివి, ఎంత బిగించినా సంచి నడుం కిందికి వేలాడుతోంది. బయటికొచ్చేసరికి మా ఆయన వరండాలో ఉన్నారు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నారు. పూర్వీకుల పూజకి తప్ప వేసుకోని చొక్కా. తల తడిచేసి దువ్వుకున్నారు. సందువైపు మెట్టు దిగబోతూ ఆగి, నా మొహం చూడకుండా, సంచి పట్టీ చూస్తూ అన్నారు.

"లాక్ వద్దులే. తాగి ఉంటాడు. నేనే ముందు వెళ్లి సందు చివర నిలబడతాను. నువ్వు ఒక నిమిషం ఆగి రా. దూరం వెళ్తున్నావు. మగవాడు ఎదురొస్తే మంచిది."

ఆయన గొంతు మెత్తగా ఉంది. నలభై నాలుగేళ్లలో అంత మెత్తగా నాకు గుర్తు లేదు. ఆయనకి తెలిసినదాంట్లో, ఒక మనిషికి ఇవ్వగలిగినదాంట్లో, అదే అన్నిటికన్నా మంచిదని నాకు తెలుసు. కుంటికాలు ముందు పెట్టి, రెయిలింగు పట్టుకుని, రెండో మెట్టు మీద ఉన్నారు. సందు ఖాళీగా ఉంది. దండెం మీద నిన్నటి బట్టలు ఇంకా కొంచెం తడిగా ఊగుతున్నాయి.

"మీరు లోపలే ఉండండి" అన్నాను. "నేను సందు దాటేదాకా బయటకు రావద్దు."